కరెంట్ పెంచండి, కష్టాలు తీరతాయి

లోకంలో ఉన్న కష్టాలన్నిటికీ కారణం ఒక్కటే. ఎక్కడో ఎవరో కరెంట్ తక్కువ పెట్టారు.

నవ్వకండి. ఊరికే నోటికొచ్చింది అనడం లేదు. పంతొమ్మిది రోజుల పరిశోధన, నాలుగు టేకు పలకలు, చుర్రుమన్న ఒక బొటనవేలు ఖర్చుపెట్టి తెలుసుకున్న సత్యం ఇది. మీకు ఉచితంగా ఇస్తున్నాను.

మా ఇంటి వెనక గదిలో ఒక యంత్రం ఉంది. బల్ల మీద పట్టేంతే ఉంటుంది. కంప్యూటర్ ఎలా చెబితే అలా చెక్క మీద అంకెలూ అక్షరాలూ చెక్కుతుంది. దాన్ని అటూ ఇటూ నడిపేది స్టెప్పర్ మోటర్. మిగతా మోటర్లలా గిర్రున తిరిగెయ్యదు, అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. ఎనిమిది వందల అడుగులు వెయ్యమంటే ఎనిమిది వందలూ వేస్తుంది. బరువు ఎక్కువై అందులో నలభై తప్పిపోయాయనుకోండి, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. పనంతా అయిపోయినట్టు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. ఆఫీసులో నేనూ అంతే కాబట్టి దాని మీద నాకు మొదటినుంచీ గౌరవం.

ఆ మోటర్‌కి ఎంత కరెంట్ వెళ్లాలో చూసే చిన్న సర్క్యూట్‌ని డ్రైవర్ అంటారు. దాని మీద ఆవగింజంత స్క్రూ ఉంటుంది. అది తిప్పితే కరెంట్ పెరుగుతుంది. కరెంట్ పెరిగితే టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుతుంది. ఇంత సుఖమైన సూత్రం మీ జీవితంలో ఇంకెక్కడైనా చూశారా?

ఇక అసలు అవసరం ఏమొచ్చిందో చెబుతాను. మా మేనత్త మాతోనే ఉంటుంది. నలభై ఏళ్లు సొంతంగా టైలరింగ్ షాపు నడిపిన మనిషి. ఈమధ్య చూపు బాగా తగ్గింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంకెలు తెలియవు. అయినా రోజూ సాయంత్రం ఒక్కతే పార్కుకి వెళ్లి నాలుగు చుట్లు తిరిగి రావాల్సిందే. అది ఆవిడకి వ్యాయామం కాదు, హక్కు.

మొన్నామధ్య మెట్ల లెక్క తప్పి మా నాలుగో అంతస్తుకి బదులు మూడో అంతస్తులో ఆగిపోయింది. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లి, సోఫాలో కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని నేననుకుని, "పొద్దున్నించీ అలాగే పడున్నావా? లేచి స్నానం చెయ్యి" అంది. పాపం, ఆయన లేచి స్నానానికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రే మా ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఇంకోసారి ఇలా జరిగితే మీ అత్తని ఒక్కదాన్ని బయటికి పంపేది లేదు."

వెంటనే నేను రంగంలోకి దిగాను. మా తలుపుకి 402 అని ఉబ్బెత్తు అంకెలతో చెక్క పలక చేస్తానని, అత్త వేళ్లతో తడిమి ఇల్లు గుర్తుపట్టవచ్చని ప్రకటించాను. రెండు రోజుల పని! అంతవరకూ ఆవిడ గుమ్మం దాటకూడదని షరతు కూడా పెట్టాను.

"దానికి అంత హడావుడి ఎందుకురా, తలుపు పిడికి ఓ గుడ్డముక్క కడితే సరిపోతుందిగా" అంది అత్త.

గుడ్డముక్కా? ఇంట్లో కంప్యూటర్‌తో నడిచే యంత్రం పెట్టుకుని గుడ్డముక్కా? ఆ మాట విననట్టే ఊరుకున్నాను. మన బాధ్యత సమస్యని తీర్చడం కాదు కదా, మన యంత్రంతో తీర్చడం.

మొదటి పలకలో 4 తన చోటు నుంచి జరిగి 0 ఒళ్లో కూర్చుంది. అడుగులు తప్పాయన్నమాట. ఇంటర్నెట్లో మాలాంటి వాళ్ల గ్రూపు ఒకటుంది. అందులో అడిగాను. పదకొండు మంది ముక్తకంఠంతో "కరెంట్ పెంచండి" అన్నారు. ఒక పెద్దమనిషి మాత్రం "ముందు కాస్త నెమ్మదిగా నడిపి చూడండి" అన్నాడు. ఇలాంటి నిరాశావాదులు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు, పట్టించుకోకూడదు.

గది గుమ్మం దగ్గర నిలబడి అత్త వింటోంది. "దాంట్లో ఏదో వదులుగా ఉందిరా. చప్పుడులో తెలిసిపోతోంది" అంది.

"అత్తా! ఇది కుట్టుమిషన్ కాదు! కంప్యూటర్!" అని గట్టిగా చెప్పాను. చూపు తగ్గిన దగ్గర్నుంచీ ఆవిడతో గట్టిగా మాట్లాడటం మా ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. ఎందుకని అడగకండి. మీరైనా అలాగే మాట్లాడతారు.

ఒక ఆంపియర్ దగ్గర ఉన్న కరెంట్‌ని ఒకటిన్నరకి తీసుకెళ్లాను. మోటర్ చీటీ మీద రాసున్న హద్దు అదే. రెండో పలకలో 2 పక్కకి ఒరిగి పడుకుంది. అంటే ఏమిటి అర్థం? ఇంకా పెంచమని! హద్దులన్నవి పిరికివాళ్ల కోసం రాస్తారు. రెండుంపావు దాకా పెంచాను.

అప్పుడు మొదలయ్యాయి చూడండి లాభాలు. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందట. పుస్తకాల వాళ్లు దీన్ని లోపంగా రాశారు, వాళ్లకి కళాహృదయం లేదు. మోటర్ మీద గ్లాసు పెడితే కాఫీ గంటసేపు చల్లారలేదు. తడి సాక్సులు ఇరవై నిమిషాల్లో ఆరాయి. పక్కింటి పిల్లి వాళ్లింటికి రాజీనామా ఇచ్చి వచ్చి మా యంత్రం పక్కన స్థిరపడింది. పైగా మోటర్ కదలకుండా ఉన్నప్పుడు కూడా సన్నగా కూస్తూ ఉంటుంది. ఇంట్లో ఎవరో ఉన్నారనుకుని దొంగలు రారు. హీటరు, ఇస్త్రీపెట్టె, కాపలాదారు అన్నీ ఒక్క స్క్రూలో!

ఒక్క చిన్న సంగతి. ఒక స్థాయి దాటాక మోటర్ లోపలి ఇనుముకి కడుపు నిండిపోతుందట. ఆ పైన ఎంత కరెంట్ వడ్డించినా బలం పెరగదు, ఒళ్లు మాత్రం కాలుతుంది. ఇక డ్రైవర్ వేడెక్కితే పని మధ్యలో ఆగిపోయి విశ్రాంతి తీసుకుంటుంది. మూడో పలక సగంలో ఉండగా అదే చేసింది. కొందరు దీన్ని పాడైపోవడం అంటారు. నేను ధ్యానం అంటాను.

ఈ సూత్రం నేను కనిపెట్టిందేమీ కాదు లెండి. మా మేనేజరు ఎప్పుడో కనిపెట్టాడు. పని వెనకబడితే మీటింగులు రెట్టింపు చేస్తాడు. మీటింగుల వల్ల పని ఇంకా వెనకబడితే నాలుగింతలు చేస్తాడు. పిల్లవాడికి లెక్క అర్థం కాకపోతే మాస్టారు అదే లెక్కని ఇంకా పెద్ద గొంతుతో చెబుతాడు. నాగరికత అంతా ఆ ఆవగింజంత స్క్రూ మీదే తిరుగుతోంది.

అలా పంతొమ్మిది రోజులు గడిచాయి. నాలుగో పలకలో 402 కాస్తా ఏ లిపిలోనూ లేని అంకె అయింది. కరెంట్ పెంచినకొద్దీ తప్పులు పెరిగాయి. ఈ పంతొమ్మిది రోజులూ సాయంత్రం కాగానే అత్త చెప్పులు వేసుకుని హాల్లో కూర్చునేది. చీకటి పడ్డాక విప్పి పక్కన పెట్టేది. నా యంత్రం అంత బలంగా తిరుగుతుంటే ఆవిడ కాళ్లు ఇంట్లో కట్టేసి ఉన్నాయి. అది నాకు కనిపించలేదంటే నమ్మండి, చూపు తగ్గింది ఆవిడకి మరి.

ఇరవయ్యో రోజు పొద్దున్న ఆవిడే లోపలికొచ్చింది. "చెక్కడం ఆపేసి, ఈ మోటర్‌ని ఒక్కసారి నెమ్మదిగా తిప్పు" అంది.

తిప్పాను. మోటర్‌నీ, దాని ముందున్న పొడుగాటి మర కడ్డీనీ కలిపే చోట ఇత్తడి కప్లింగ్ ఒకటుంటుంది. అత్త ఒక వేలు మోటర్ ఇరుసు మీద, ఒక వేలు ఆ కప్లింగ్ మీద పెట్టింది. పెట్టి, నవ్వింది.

"ఇటువైపుది తిరుగుతోందిరా. అటువైపుది ఆలోచిస్తోంది."

వెళ్లి తన కుట్టుమిషన్ సామాన్ల డబ్బా తెచ్చుకుంది. అందులోంచి చిటికెన వేలంత స్క్రూడ్రైవర్ తీసి, కప్లింగ్ పక్కనున్న బుల్లి స్క్రూని తడిమి పట్టుకుని ముప్పావు చుట్టు బిగించింది. అంతే. మోటర్ మొదటి రోజు నుంచీ ఒక్క అడుగు కూడా తప్పలేదు! దాని ఇరుసే కప్లింగ్‌లో జారుతోంది. నేను కరెంట్ పెంచినకొద్దీ అది ఇంకా ఉత్సాహంగా జారింది.

కరెంట్ మళ్లీ ఒక ఆంపియర్‌కి దించి అయిదో పలక మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి 402 వచ్చింది. మూడంకెలూ ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. మోటర్ చల్లబడింది. పిల్లి ఒకసారి వాసన చూసి, నావైపు అసహ్యంగా చూసి, తన పాత ఇంటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అత్త బయల్దేరింది. మా ఆవిడా నేనూ తలుపు వెనక కూర్చున్నాం. గంట తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు బయట వేళ్లు చెక్కని తడుముతున్నాయి. నాలుగు, సున్నా, రెండు. తాళంచెవి తిరిగింది.

నాకు ఆనందం పట్టలేదు. "వచ్చేశావా అత్తా!" అని మూడో అంతస్తు హెడ్మాస్టర్‌కి కూడా వినబడేలా అరిచాను.

అత్త చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"వచ్చాను. నాకు తగ్గింది చూపురా, చెవులు కాదు. కాస్త కరెంట్ తగ్గించి మాట్లాడు" అంది.