ముప్పై రెండో కాగితం

"ఇకమీదట ఏ తరగతి గదిలో, ఏ బల్ల మీద, ఏ విద్యార్థి ఏం నేర్చుకుంటున్నాడో ప్రభుత్వానికి తెలియకుండా ఉండబోదు!" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు పడ్డాయి. "నేర్చుకోకపోయినా తెలుస్తుంది," అని కూడా అన్నారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి.

పథకం పేరు 'అద్దంలాంటి తరగతి'. అధికారులు బడిబడికీ వెళ్ళి పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో రాసుకొస్తారు. ప్రగతి కనిపించని తరగతిని ఎత్తేసి, పిల్లల్ని తలా ఓ బడికి సర్దేస్తారు. అద్దం ఎవరివైపు తిప్పి పట్టుకోవాలన్నది మాత్రం మార్గదర్శకాల్లో లేదు.

ఈ ప్రకటనను సుద్దముక్క సిస్టర్ మఠం వంటగదిలో రేడియోలో విన్నది. ఆవిడ అసలు పేరు మదర్‌గారికీ దేవుడికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. కుడిచేతి కఫ్ మీద ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరే నిలిచిపోయింది. ఇప్పటికి పదకొండు బళ్ళు మారింది. పెట్టె సర్దుకోవడం అలవాటైంది గానీ, పిల్లల్ని వదిలి గేటు దాటడం ఈనాటికీ చేతకాలేదు. ఇప్పుడున్న ఏడో తరగతిలో ముప్పై ఒక్కమంది. ఆరో తరగతి నుంచీ ఆవిడ చేతిలోనే ఉన్నారు. "ఎనిమిది అయ్యాక ఎలాగూ రెక్కలొచ్చి ఎగిరిపోతారు. అంతదాకా విడదీయకు ప్రభూ," అని రోజూ అడుగుతుంది. అంతకు మించి ఆవిడకు కోరికలు లేవు.

శుక్రవారం మధ్యాహ్నం అధికారి వచ్చాడు. చేతిలో పన్నెండు గళ్ళ ఫారం ఉంది.

"ఈ వారం ఏం నేర్చుకున్నారు బాబూ?" అని మొదటి బల్లను అడిగాడు.

"భిన్నాలు సార్."

"ఎన్ని?"

వాడు కాసేపు ఆలోచించి, "అన్నీ సార్," అన్నాడు.

'భిన్నాలు: అన్నీ' అని రాసుకుని అధికారి సంతృప్తిగా తలాడించాడు. నదులు ఎటు పారుతున్నాయో అడిగి, అటే పారుతున్నట్టు నిర్ధారించుకున్నాడు. అంతలో గంట కొట్టారు. అది ప్రతి శుక్రవారం ఉండే ఆత్మపరిశీలన గంట. నెలకోసారి ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసేటప్పుడు పిల్లలు తడబడకుండా ఉండాలని సిస్టర్ పెట్టిన అలవాటు. బోర్డు మీద రెండు మాటలు రాస్తుంది: 'నేను చేసినవి', 'చేయవలసి ఉండీ చేయనివి'. బల్లల మీద కూర్చున్న ప్రతివాళ్ళూ పేరు లేకుండా రాసి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేయాలి. తర్వాత సిస్టర్ వాటిని విప్పకుండానే చింపేస్తుంది.

"దీనికి మార్కులెన్ని?" అన్నాడు అధికారి.

"మార్కులుండవండీ."

"మరెందుకు రాస్తున్నారు?"

"తప్పు చేశామని వాళ్ళకి వాళ్ళే తెలుసుకోవడానికి."

"తెలుసుకోనివ్వండి, కాదనను. ప్రగతి ఎలా కొలుస్తారు? పోయిన వారం ఎన్ని, ఈ వారం ఎన్ని?"

"తగ్గితే మంచిదండీ."

అధికారి ఆవిడ వంక జాలిగా చూశాడు. "మా ఫారంలో ఏది తగ్గినా ఎర్రగీత పడుతుంది సిస్టర్. ఎర్రగీత పడితే తరగతి ఎత్తేస్తారు. ఏదైనా సరే, పెరగాలి."

సిస్టర్ ముప్పై ఒక్క తలల వంకా చూసింది. ఈలోగా హాజరుపట్టీలో తొమ్మిదో నంబరు పిల్ల చెయ్యెత్తింది. నోరు ఊరుకోని పిల్ల.

"సార్, నాకు నాలుగే ఉన్నాయి. దీనికి తొమ్మిది ఉన్నాయి. రెండు ఇమ్మంటే ఇవ్వట్లేదు."

"నావి నేనెందుకివ్వాలే? కావాలంటే నువ్వూ చేసుకో!" అంది పక్కపిల్ల.

"తప్పమ్మా, ఇచ్చిపుచ్చుకోవాలి," అన్నాడు అధికారి. 'సహకార భావం' గడిలో రెండు టిక్కులు పెట్టాడు. ముప్పై ఒక్కమందికీ కలిపి పోయిన వారం నూటపది, ఈ వారం నూట డెబ్బై అని చేతులెత్తించి లెక్కతేల్చాడు. ఇంత ప్రగతి ఏ బడిలోనూ చూడలేదన్నాడు.

ఆ నివేదిక చూసి మంత్రిగారు ముగ్ధులయ్యారు. మరుసటి శుక్రవారం, సరిగ్గా ఆ గంటకే, కెమెరాలతో సహా విచ్చేశారు. ప్రజల మనిషి కాబట్టి కుర్చీ వద్దని మూడో వరసలో పిల్లల బల్ల మీదే కూర్చున్నారు. మోకాళ్ళు బల్ల కింద పట్టలేదు. మొదట పొట్ట, తర్వాత మోకాళ్ళు, ఆఖరున చిరునవ్వు సర్దుకున్నారు.

తొమ్మిదో నంబరు పిల్ల ఆయన ముందు కాగితం పెట్టింది. "మీరూ రాయాలి సార్. బల్ల మీద ఎవరు కూర్చున్నా రాయాలి. ఫాదర్ వచ్చినప్పుడు ఆయనా రాశారు."

మంత్రిగారు కెమెరాల వంక చూసి నవ్వారు. "తప్పకుండా తల్లీ!" కాగితాన్ని పక్కనే నిలబడ్డ పీఏకి అందించారు. "బోర్డు మీదున్న ప్రశ్నకి నా తరఫున రాసెయ్యవయ్యా."

పీఏ పంతొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప మరే దురలవాటూ లేదు. బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు.

"అన్నీనా సార్?"

"దాచుకోవడం దేనికి? వివరంగా రాయి."

పీఏ కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని మొదలుపెట్టాడు. పిల్లలు అయిదు నిమిషాల్లో ముగించారు. పీఏ మాత్రం "సిస్టర్, ఇంకో కాగితం ఉందా?" అన్నాడు. తర్వాత ఇంకోటి అడిగాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, మధ్యలో వేళ్ళు మడిచి ఏదో గుర్తు చేసుకుంటూ, మూడు కాగితాలకు అటూఇటూ నింపి, పిన్ను కొట్టి తెచ్చాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ముఖం అంత తేటగా ఎప్పుడూ లేదు. మంత్రిగారు అలవాటు ప్రకారం కిందకి చూడకుండా సంతకం పెట్టి డబ్బాలో వేశారు.

సిస్టర్ డబ్బా తెరిచి ముప్పై ఒక్క కాగితాలూ చింపేసింది. ముప్పై రెండోదాని మీద చెయ్యి వేయగానే అధికారి అడ్డుపడ్డాడు.

"ఏం చేస్తున్నారు సిస్టర్? మంత్రిగారి సంతకం ఉన్న కాగితం చింపితే కేసవుతుంది!"

"ఇది ఎవరూ చదవకూడదండీ. అది మా నియమం."

"ఎవరూ చదవరు సిస్టర్, ప్రభుత్వ కాగితం. నాది హామీ."

కాగితం ఫైల్లోకి వెళ్ళింది. వెళ్ళబోతున్న మంత్రిగారికి సిస్టర్ గబగబా ఎదురెళ్ళింది. "సార్, పిల్లలు చిన్నవాళ్ళు. రెండేళ్ళుగా కలిసున్నారు. ఒక్క ఏడాది ఇలాగే ఉండనిస్తే..."

"మీ తరగతి నా గుండెల్లో ఉంది సిస్టర్," అన్నారు మంత్రిగారు. పీఏకి ఎందుకో దగ్గొచ్చింది.

హామీ ఇచ్చినట్టే, ఎవరూ చదవకుండానే కాగితం ఫైల్లోంచి పత్రికకి వెళ్ళింది. ఆదివారం మొదటి పేజీ మొత్తం మంత్రిగారే. నవ్వుతున్న ఫొటో, కింద పెద్దక్షరాల్లో 'మూడేళ్ళలో నేను చేసినవి'. ముప్పై ఆరు అంశాలున్నాయి. వాటి కింద 'చేయవలసి ఉండీ చేయనివి' అన్నచోట అధికారి చొరవ తీసుకుని 'రానున్న కాలంలో మా లక్ష్యాలు' అని మార్చాడు.

సిస్టర్ వంటగదిలో నిలబడే చదివింది. మూడో అంశం: 'అచ్చు కాని పుస్తకాలను ఆవిష్కరించాను.' ఎనిమిది: 'తుఫాను ఊళ్ళను చూడకుండానే చూసి కన్నీరు పెట్టాను.' పద్నాలుగు: 'మఠం బడిలో ఏడో తరగతిని ఎత్తేసి, ఆ స్థలం మా బావమరిది హోటలు కార్లు నిలుపుకోవడానికి ఇవ్వాలని ముందే నిర్ణయించుకుని, తర్వాత తనిఖీ పథకం ప్రకటించాను.' లక్ష్యాల్లో మొదటివి: 'ఫైలు చదివి సంతకం పెట్టడం. ఇచ్చిన మాట మీద నిలబడటం. అమ్మకు ఫోను చేయడం.'

సిస్టర్ పద్నాలుగో అంశాన్ని మళ్ళీ చదివింది. తర్వాత మెల్లగా ప్రాణం లేచొచ్చింది. ఇంక దాపరికం ఏముంది? ఊరంతా చదువుతుంది, ఊరంతా లేస్తుంది, తరగతి జోలికి ఎవరొస్తారు! పరుగున వెళ్ళి బడి గేటు తెరిచి నిలబడింది.

ఊరు లేచింది. మంత్రిగారికి అభినందన సభ పెట్టింది. "ఆ ముప్పై ఆరూ మా హయాంలో మొదలైనవే, ఆయన పూర్తి చేశారంతే," అని ప్రతిపక్ష నాయకుడు మండిపడ్డాడు.

గేటు దగ్గరకి మొదట వచ్చినవాడు తొమ్మిదో నంబరు పిల్ల తండ్రి, బస్సు డ్రైవరు. చంకలో పత్రిక ఉంది.

"సిస్టర్, మన బడి పేరు పేపర్లో వచ్చింది! లామినేషన్‌కి ఇచ్చేస్తున్నా."

"ఏం రాశారో చదివారా అన్నా?"

"పేరు చదివామండీ. మిగతాది మంత్రిగారి మీద గౌరవం."

వెనకాలే ఇంకో పిల్ల తల్లి, టైలరమ్మ వచ్చింది. ఆవిడ అక్షరం వదలకుండా చదివే మనిషి. సిస్టర్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చదివావు కదమ్మా, పద్నాలుగోది?"

"చదవకేం సిస్టర్! ముప్పై ఆరులో పద్నాలుగంటే మంచి ర్యాంకే. కష్టపడితే వచ్చే ఏడు పదిలోపల ఉంటాం. కాకపోతే ఆ హోటలు వాళ్ళకి కర్టెన్లు కుట్టే పనేమైనా ఉంటుందేమో, కాస్త కనుక్కుని పెడతారా?"

సోమవారం ఉదయం నాలుగు వ్యాన్లు వచ్చాయి. ఒక్కో వ్యాను ఒక్కో బడికి. అధికారి గేటు పక్కన బల్ల వేయించుకుని రోల్ నంబరు ప్రకారం పిలుస్తున్నాడు. ఒకటి, మొదటి వ్యాను. రెండు, రెండో వ్యాను. పక్కపక్క కూర్చునేవాళ్ళంతా నంబర్ల వరసన వేరువేరు వ్యాన్లలో పడుతున్నారు. సిస్టర్ ఒక్కొక్కళ్ళ కాలరూ సరిచేసి పంపుతోంది. ఇంతకుముందే సరిచేసిన కాలర్లను కూడా మళ్ళీ సరిచేస్తోంది.

తొమ్మిదో నంబరు పిల్ల బల్ల ముందుకొచ్చి ఆగింది.

"సిస్టర్, ఒకటి అడగనా? తప్పు చేశానని రాసేశాక, దాన్ని ఇంక చేయకూడదన్నారు కదా మీరు?"

"అన్నాను."

"మరి మంత్రిగారు రాసేశారుగా. ఇంక మేం ఎక్కక్కర్లేదు కదా?"

ఎనిమిది మంది వ్యాన్ల కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. సిస్టర్ ఆ పిల్ల కాలరు మళ్ళీ సరిచేసింది.

అధికారి జాబితాలోంచి తలెత్తి, "ఈ ప్రశ్న సిలబస్‌లో ఉందా సిస్టర్?" అన్నాడు.

"లేదండీ."

"తొమ్మిది, మొదటి వ్యాను," అని టిక్కు పెట్టి, ఆయన పదిని పిలిచాడు.