కింది డివిజన్‌లో అభిమానిగా కొనసాగుటకు దరఖాస్తు

ఓడిపోవడానికి ఈ ప్రపంచంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓడినవాళ్ల వెంట ఉండటానికి మాత్రం రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఇద్దరు సాక్షులు, ఇంట్లోవాళ్ల నిరభ్యంతర పత్రం కావాలి. ఈ సంగతి నాకు యాభై రెండో ఏట తెలిసింది.

మా ఫుట్‌బాల్ క్లబ్బు చాలా చిన్నది. (జట్టు బస్సుకి గోల్‌కీపరే డ్రైవరు. రెండు పనుల్లోనూ ఆయన ఎడమవైపు కాస్త ఆలస్యంగా తిరుగుతాడు.) మొన్నటి సీజన్ ఆఖరి ఆదివారం నాలుగు సున్నాతో ఓడి, రెండో డివిజన్ నుంచి మూడో డివిజన్‌కి పడిపోయింది. మేమంతా అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టి, ముక్కు చీదుకుని, ఇళ్లకి పోయాం. అక్కడితో మా బాధ్యత తీరిందనుకున్నాం. సోమవారం పొద్దున్నే లీగ్ వారి అభిమానుల క్రమబద్ధీకరణ విభాగం నుంచి సర్క్యులర్ దిగింది.

నియమం పద్నాలుగు ప్రకారం, జట్టు కిందికి దిగినంత మాత్రాన అభిమాని కూడా దిగినట్టు కాదట. జట్టు మూడో డివిజన్‌లో ఉంది, మేము ఇంకా రెండో దాంట్లోనే ఉన్నాం. (అంటే చట్టం దృష్టిలో ఆ పూటకి మేము జట్టు లేని అభిమానులం, వాళ్లు అభిమానులు లేని జట్టు.) ప్రతి ఒక్కరూ విడివిడిగా దరఖాస్తు పెట్టుకుని కిందికి దిగాలి. నెలాఖరుకి ధ్రువీకృత అభిమానులు మూడు వందల మంది తేలకపోతే క్లబ్బు మూసేసి, మైదానాన్ని బస్సులు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు.

ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. ముప్పై ఒక్క ఏళ్లుగా మా పిన్నీ నేనూ అక్కడ పక్కపక్కన కూర్చుంటున్నాం. ఆదివారం మధ్యాహ్నం ఇంకెక్కడ కూర్చోవాలో మా ఇద్దరికీ తెలీదు.

ఫారం నాలుగు పేజీలు. ఆరో గడి: "మీ జట్టు గెలుస్తుందని చివరిసారి మనస్ఫూర్తిగా నమ్మిన తేదీ." మా ఎలక్ట్రీషియన్ వచ్చే ఆదివారం తేదీ వేశాడు. భవిష్యత్ తేదీలు చెల్లవని తిప్పి పంపారు. తొమ్మిదో గడి: "ఇంతకన్నా మంచి జట్టు అందుబాటులో ఉండగా మారకపోవడానికి కారణం (ఒక్క మాటలో)." దాదాపు అందరం "అలవాటు" అని రాశాం. మా ఊరి టైలరు మాత్రం "సిగ్గు" అని రాశాడు. అదీ ఆమోదించారు.

నిరభ్యంతర పత్రంలో, నేను ఆదివారాలు ఇంట్లో లేకపోవడం తనకి సమ్మతమేనని మా ఆవిడ సంతకం చెయ్యాలి. చదవకుండానే చేసేసింది. తర్వాత చదివి, "శనివారాలకి కూడా ఇలాంటిదేమైనా ఉందేమో అడిగి రండి" అంది.

స్టాండు కింద వలలూ జెండాలూ పడేసే గదిని ఖాళీ చేయించి, అందులో విధేయతా పరిశీలకుడిని కూర్చోబెట్టారు. నీటి గొట్టాల శాఖ నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. గొంతు పెంచి ఎరగడు. ఫుట్‌బాల్ అంతకన్నా ఎరగడు. మొదటి రోజే నన్ను, "ఆట మధ్యలో అవతలి జట్టుకి కూడా బంతి ఇస్తారా?" అని అడిగాడు.

"మావాళ్లు ఇస్తారండి" అన్నాను.

రాసుకున్నాడు.

మా పిన్ని టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. రాత ముత్యాల్లా ఉంటుంది. అందుకని ఊళ్లోవాళ్లందరి ఫారాలూ తనే నింపింది. తనది నింపుకునేసరికి ఆఖరి రోజు సాయంత్రం నాలుగైంది. అప్పటికి లెక్క రెండు వందల తొంభై తొమ్మిది.

పరిశీలకుడు ఆవిడ ఫారం తిరగేసి, పదకొండో గడి దగ్గర ఆగాడు. "మీ జట్టు మీద పడ్డ గోల్స్‌లో మీరు కళ్లారా చూసినవి... సగం అని రాశారేంటమ్మా?"

"నా సీటు ముందు స్తంభం ఉంది బాబూ. ఎడమవైపు గోల్ కనపడదు. మనవాళ్లు అటు నిలబడ్డ సగంసేపు నేను స్తంభాన్నే చూస్తాను."

"అయితే మీరు సగం దుఃఖమే అనుభవించినట్టు లెక్క. మిమ్మల్ని అర అభిమానిగానే ధ్రువీకరించగలను. మొత్తం రెండు వందల తొంభై తొమ్మిదిన్నర. సగాన్ని ఒకటి చెయ్యడానికి నాకు అధికారం లేదు." ఆయన నిజంగానే బాధపడ్డాడు. "పక్కనున్నవారు ఎప్పటికప్పుడు చెప్పి ఉంటే దాన్ని శ్రవణ దుఃఖంగా తీసుకోవచ్చు. ఎవరైనా చెప్పేవారా?"

"వీడు చెప్పేవాడు" అంది పిన్ని, నన్ను చూపించి.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేవారా అండీ?" అని నన్ను అడిగాడు.

స్తంభం వెనక గోల్ పడ్డప్పుడల్లా పిన్ని "ఏమైందిరా?" అంటే, ఆవిడ మొహం చిన్నబోవడం చూడలేక, "బయటికి పోయింది పిన్నీ" అనేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే మాట. అవునంటే క్లబ్బు నిలుస్తుంది. అయితే ఎదురుగా కూర్చుని వింటున్న పిన్నికి, ఆ గోల్స్ నిజంగానే పడ్డాయని తెలిసిపోతుంది.

"వాణ్ణి ఇబ్బంది పెట్టకండి" అంది పిన్ని. "ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు. అన్నీ బయటికే పోయాయన్నాడు."

"మీరు నమ్మారా?"

"స్కోరు బోర్డు స్తంభం వెనక లేదు కదా బాబూ."

నేను తల దించుకున్నాను. సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది.

"తెలిసీ ఏమీ అనలేదా?"

"వాడంత కష్టపడి అబద్ధమాడుతుంటే మధ్యలో నేనేమంటాను? బయటికి పోతే మంచిదేలే అనేదాన్ని."

పరిశీలకుడు నియమావళి తీసి చాలాసేపు వెతికాడు. అనుబంధం మూడు, ఖండిక ఏడు: ఎదుటివారి కోసం దాచుకున్న దుఃఖాన్ని రెట్టింపుగా లెక్కించవలెను. చూసిన సగం ఒక అర, దాచుకున్న సగం రెట్టింపైతే ఒకటి. పిన్ని ఒకటిన్నర అభిమాని అయింది. మొత్తం మూడు వందల మీద ఒక అర. మిగిలిన అరని వచ్చే ఏటికి జమ వేస్తానని చెప్పి, ఆయన లేచి నిలబడి మరీ ముద్ర కొట్టాడు. క్లబ్బు నిలిచింది. బయటికి వచ్చాక పిన్ని నా నెత్తిన ఒకటి మొట్టి, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మూడో డివిజన్‌లో మొదటి మ్యాచ్‌కి అందరం ఉతికిన జెర్సీలేసుకుని గంట ముందే వెళ్లాం. గేటు దగ్గర కొత్త నియమం. ధ్రువీకృత అభిమానులందరి పత్రాలూ రిజిస్టరుతో సరిచూశాకే గేటు తెరవాలి. సరిచూసే ఉద్యోగి ఒక్కడే. మంచివాడు, ప్రతి ఫొటోనీ మొహంతో రెండుసార్లు పోల్చి చూశాడు. గోడ అవతల విజిల్ వినపడింది. బంతి చప్పుడు వినపడింది. మాకు అలవాటైన చోట్లల్లా మేము నిట్టూర్చాం.

గేటు తెరిచేసరికి ఆటగాళ్లు బూట్లు విప్పుకుంటున్నారు. రెండు సున్నాతో మావాళ్లే గెలిచారు, పద్నాలుగు నెలల తర్వాత. చప్పట్లు కొట్టి కొట్టి చేతులు మండిపోయాయి. గోల్‌కీపరు వట్టికాళ్లతో పరిగెత్తుకొచ్చి అందరికీ ఆట మొత్తం చేతులూపుతూ వర్ణించి చెప్పాడు. పిన్ని ప్రతి గోలూ రెండేసిసార్లు చెప్పించుకుంది.

గురువారం అందరికీ నోటీసులు వచ్చాయి. జట్టు గెలిచిన రోజున స్టాండులో ఒక్కరూ హాజరు లేనందున, మా విధేయత ఓటములకే పరిమితమని విభాగం అనుమానించవలసి వస్తోందట.