కిటికీ పక్క మంచం

ఆ బుధవారం పొద్దున నబీ సాహెబు చద్ది సంగటి తిని, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, పరుపులు కుట్టే పని మీద పోవలసిన మనిషి. పోలేదు. విల్లును మళ్ళీ మేకుకు తగిలించి, నులకమంచం మీద కూర్చుని, పొట్ట పట్టుకుని ఒకసారి మూలిగి చూశాడు. బాగా రాలేదు. గొంతు సవరించుకుని ఇంకోసారి మూలిగాడు. ఈసారి వంటింట్లోంచి అక్క అబీదా బీ తొంగిచూసి, రాత్రి అన్ని అలసంద వడలు వద్దంటే విన్నావా అని సణిగి లోపలికి పోయింది. తన మూలుగు నమ్మదగ్గదిగానే ఉందని నబీ సాహెబుకు ధైర్యం వచ్చింది.

పొద్దున్నే మూలుగు సాధన చేయవలసిన అవసరం ఆయనకు మేనకోడలి వల్ల కలిగింది. అబీదా బీ కూతురు బీబమ్మకు తండ్రి లేడు. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. వీధిలో ఎవరి మోకాలు చెక్కుకుపోయినా గుడ్డపీలిక పట్టుకుని ముందు అదే పరిగెత్తేది. కడపకు ఇవతల దొరల ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడ నర్సు పని నేర్పిస్తారని తెలిసిన నాటినుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. యుద్ధం రోజులు, తిండిగింజలకు కటకట. అందుకని ఆ ఏడు ఆసుపత్రి వాళ్ళు ఒక్క పిల్లనే తీసుకుంటామన్నారు. అబీదా బీ కూడా ఒక్కసారే అంది. ఈ ఒక్కసారికి పరీక్షకు పోనిస్తానని, సీటు రాకపోతే ఆత్మకూరు సంబంధానికి మాట ఇచ్చేస్తానని.

ఆత్మకూరాయన కట్టెల వ్యాపారి. ఇద్దరు పెళ్ళాలను సాగనంపి, గడ్డానికి గోరింటాకు పెట్టుకుని మూడో ఆమె కోసం చూస్తున్నాడు. వయసులో నబీ సాహెబు కంటే పెద్ద. తనకంటే ముందు పళ్ళూడిన మనిషిని అల్లుడూ అని పిలవవలసి వస్తుందన్న ఊహే నబీ సాహెబుకు మింగుడుపడేది కాదు. పిల్ల ముఖం చూస్తే అసలే పడేది కాదు. దాన్ని ఆయన ఎత్తుకుని పెంచాడు.

ఆసుపత్రి సంగతులు ఆయనకు బాగా తెలుసు. అక్కడి పరుపులు ఏకి కుట్టేది ఆయనే. పోయినేడు పెరట్లో కూర్చుని దూది ఏకుతూ, నర్సు పరీక్ష ఎలా జరుగుతుందో కిటికీలోంచి చూశాడు. పెద్ద నర్సమ్మ దొరసాని వచ్చిన పిల్లలను ఒక్కొక్కరినే కిటికీ పక్క మంచం దగ్గరికి తీసుకుపోయింది. రోగి చెయ్యి పట్టుకుని చూసి, వాడికి ఏమైందో, ఏం చేయాలో చెప్పమంది. సరిగ్గా చెప్పిన పిల్లను ఉంచుకుని మిగిలిన వాళ్ళను పంపేసింది. మంచం మనదైతే సీటు మనదేనని నబీ సాహెబు అప్పుడే తేల్చుకున్నాడు.

ఈ ఉపాయం బీబమ్మ చెవిన వేస్తే ఆ పిల్ల ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. అది చేస్తున్న పని ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

"పక్కనోళ్ళ పలక చూసి రాసేది, ఇది ఒగటే మామా. నేను పోతాండేది రోగుల్ని చూడనీకి. నిన్ను చూడనీకి కాదు."

నబీ సాహెబు సరేనని తలూపాడు. ఆయన తలూపడం పాటించడానికి కాదు, మాట ముగించడానికి. పిల్ల కాబట్టి అలా అంటుంది, మంచం పక్కకు వచ్చి తన చెయ్యి పట్టుకున్నాక నాలుగు మాటలు చెవిలో వేస్తే వినక ఏం చేస్తుంది అనుకున్నాడు. పరీక్ష శుక్రవారం. అందుకే బుధవారమే మూలుగు.

పక్కింటి పుల్లయ్య కడపకు బండి కడుతున్నాడు. కడుపునొప్పి అని చెప్పి నబీ సాహెబు వేరుసెనగ బుడ్డల మూటల మీద పడుకున్నాడు. దారి పొడుగునా సాధన చేస్తూనే పోయాడు. పుల్లయ్య మంచివాడు. ప్రతి మూలుక్కూ వెనక్కి తిరిగి చూసి ఎద్దుల్ని అదిలించాడు.

దొరసాని తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది. "నీకు ఎచ్చట నొప్పి కలదు?" అని అడిగింది. నబీ సాహెబు కుడిపక్క చూపించాడు. డాక్టరు వచ్చి ఎక్కడ నొక్కితే అక్కడ అరిచాడు. గాలి ఆడకపోతే ప్రాణం పోయేలా ఉందని బతిమాలి కిటికీ పక్క మంచమే సంపాదించాడు. అంతవరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఆసుపత్రిలో రోగులకు రొట్టె, పాలు ఇస్తారని ఆయన ఎన్నోసార్లు చూశాడు. అవి ఎప్పుడొస్తాయా అని తలుపు వైపు చూస్తూ పడుకున్నాడు.

వచ్చింది ఆముదం. కడుపునొప్పి వాళ్ళకు ముందు కడుపు ఖాళీ చేయాలట, ఆ తర్వాత నొప్పి తగ్గేదాకా నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదట. నొప్పి తగ్గిందంటే ఇంటికి పంపిస్తారు. తగ్గలేదంటే తిండి లేదు. నబీ సాహెబు కాసేపు ఆలోచించి, మేనకోడలి కోసం తగ్గలేదన్నాడు. గురువారం మళ్ళీ అడిగారు, మళ్ళీ తగ్గలేదన్నాడు. మళ్ళీ ఆముదం పోశారు. పైగా ఆ పరుపు ఆయన ఏకిందే. కింది వరసలో పాత దూదిని ఏకకుండా అలాగే కుక్కిన సంగతి ఆయనకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆయన వీపుకు కూడా తెలిసింది.

ఇక్కడ ఈయన ఇలా ఎండుతుంటే, ఊళ్ళో కబురు పండుతూ ఉంది. మామూలుగా ఆ ఊరివాళ్ళు కడుపునొప్పికి ముందు కషాయం తాగుతారు, తర్వాత తాయెత్తు కట్టుకుంటారు, దానికీ తగ్గకపోతే సుంకన్న తాత దగ్గర వాత పెట్టించుకుంటారు. దొరల ఆసుపత్రి వీటన్నిటి తర్వాత. అలాంటిది నబీ సాహెబు మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఆసుపత్రికి పోయాడంటే, ఎంత ముదిరి ఉంటే పోయుంటాడు? పుల్లయ్య చెప్పింది కడుపునొప్పి. బావి దగ్గరికి చేరేసరికి పేగు మెలిపడింది. రచ్చబండ దగ్గర పొట్ట కోశారు. అబీదా బీ చాట కింద పడేసి ఏడుపు మొదలుపెట్టింది. అందరికంటే నొచ్చుకున్నది సుంకన్న. ఆ ఊళ్ళో మనుషులకూ పశువులకూ ఆయన కొడవలి వాత పడని పొట్ట లేదు. తనను దాటి పోవడం ఆయనకు తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం పొద్దున్నే రెండు బండ్ల నిండా ఊరు దిగింది. రోగి వెంట వచ్చినవాళ్ళు పెరట్లో పొయ్యి పెట్టుకుని వండుకోవడం అక్కడ అలవాటే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. లోపలికి మాత్రం రానివ్వలేదు. వేపచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి, మంట చేసి, సంగటికి ఎసరు పెట్టారు. సంగటి ఉడికే వాసన కిటికీలోంచి నేరుగా నబీ సాహెబు మంచం మీదికి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరవడానికి ఓపిక కూడా లేదు.

పరీక్షకు ఇద్దరే వచ్చారు. ఒకరు బీబమ్మ, ఇంకొకరు మిషన్ బడి పంతులు ప్రేమయ్య కూతురు విశ్వాసమ్మ. ఈ రెండో ఆమె సంగతి నబీ సాహెబుకు తెలియదు. అడుగుల చప్పుడు వినిపించింది, ఒక మెత్తని చెయ్యి ఆయన మణికట్టు పట్టుకుంది. ఇన్నాళ్ళ కష్టం ఫలించే ఘడియ వచ్చిందని ఆయనకు కళ్ళు మూసుకుని ఉండగానే నీళ్ళు తిరిగాయి. పెదవులు కదలకుండా గొణిగాడు.

"కుడిపక్క నొప్పి అని చెప్పు తల్లీ. జరం ల్యాదు. ఆముదం పోసి పస్తు పెట్టాలని చెప్పు, ఈళ్ళు అదే చేస్తాండారు. ఆత్మకూరాయప్ప మనకొద్దు. దొరసానమ్మకు మాత్రం తెలీనీయొద్దు."

చెయ్యి మణికట్టును వదిలింది. విశ్వాసమ్మ లేచి దొరసాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. రోగి చెప్పింది చెప్పినట్టు పైవాళ్ళకు చెప్పాలని ఆ పిల్లకు తండ్రి నూరిపోశాడు.

"నాడి బాగుందమ్మా, జ్వరం లేదు. నాకైతే జబ్బేమీ కనబడలేదు. కుడిపక్క నొప్పి అని చెప్పమని ఆయనే చెప్పినాడు. ఆముదం పోసి పస్తు పెట్టాలని చెప్పమన్నాడు. ఆత్మకూరాయన వద్దన్నాడు, అది నాకు తెలియలేదు. మీకు తెలియనీయొద్దని కూడా చెప్పినాడమ్మా."

నబీ సాహెబు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉన్నది ఎవరో పిల్ల. బీబమ్మ తలుపు దగ్గర తన వంతు కోసం నిలబడి ఉంది. ఆయనకు మళ్ళీ కళ్ళు మూసుకోవాలనిపించింది గాని అవి మూతపడలేదు.

దొరసాని బీబమ్మను పిలిచింది. బీబమ్మ వచ్చి మామ చెయ్యి పట్టుకుంది. తెలిసిన మనిషే కదా అని తొందరపడలేదు. నాడి చూసింది, నాలుక చూపించమంది, పొట్ట మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కింది. ఎవరో తెలియదని చెప్పమ్మా, తప్పించుకో అని ఆయన కళ్ళతో వేడుకున్నాడు. ఆ పిల్ల చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది.

"ఈయనకు జబ్బు ల్యాదమ్మా. ఆకలి. కడుపులో ఏదన్నా పడితే లేసి తిరుగుతాడు." ఆగి, కొంగు సరిచేసుకుని అంది, "ఈయన మా మేనమామ. నాకోసరమే వచ్చినాడు. వద్దంటిని, ఇనల్యా."

అంత పస్తులోనూ నబీ సాహెబు గుండె ఉప్పొంగింది. ఇలాంటి పిల్లను పెంచానా అని గర్వం, ఇలాంటి పిల్లకు తానెలాంటి పని చేశానా అని సిగ్గు, రెండూ ఒకేసారి వచ్చాయి. దొరసాని బీబమ్మ వైపు తిరిగి, నువ్వు నిజమే చెప్పావు, అయినా మీ ఇంటివాళ్ళు పరీక్షను చెడగొట్టారు, మీ ఇంటికి సీటు ఇస్తే రేపు వార్డంతా మేనమామలే పడుకుంటారు అని తీర్పు చెప్పింది. సీటు విశ్వాసమ్మకు. బీబమ్మ తలవంచుకుని సరేనంది. ఆ పిల్ల ఏడ్చి ఉంటే నబీ సాహెబుకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

"నీవు లేచి నడిచి పొమ్ము" అంది దొరసాని ఆయనతో. ఆయన లేచాడు గాని నడవలేకపోయాడు. ఆముదమూ పస్తూ కలిసి కాళ్ళను పీకేశాయి. వార్డులో పనిచేసే మద్దిలేటి, ఇంకొకతను దుప్పట్లో వేసి ఆయన్ను పెరట్లోకి మోసుకొచ్చారు. ఇతనికి ఏమీ లేదు, తీసుకుపోయి అన్నం పెట్టండని దొరసాని మెట్ల మీదినుంచి చెప్పింది.

ఊరివాళ్ళకు ఆసుపత్రి పద్ధతి తెలియనిది కాదు. బాగయ్యేవాడు నడిచి వస్తాడు. ఇక లాభం లేదనుకున్నవాణ్ణి మాత్రమే దుప్పట్లో తెచ్చి, తన ఇంట్లో తన వాళ్ళ మధ్య పోతాడులెమ్మని అప్పజెబుతారు. ఎదుట రోగి వింటుంటాడు కాబట్టి ఏమీ లేదని పైకి అంటారు, అది మర్యాద. అబీదా బీ గొంతెత్తింది. పుల్లయ్య తలగుడ్డ తీసి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"నాకేం కాల్యాదప్పా, సంగటి పెట్టండి" అన్నాడు నబీ సాహెబు. పోయేముందు అందరూ తిండి అడుగుతారని పుల్లయ్యకు ఇంకా దుఃఖం పొర్లుకొచ్చింది.

సుంకన్న మాత్రం ఏడవలేదు. ఆయన కొడవలి అప్పటికే సంగటి పొయ్యిలో ఎర్రగా కాగుతూ ఉంది. దొరలు వదిలేసినాక తన వంతు వస్తుందని ఆయన నమ్మకం. పుల్లయ్య భుజాలు పట్టాడు, అబీదా బీ కాళ్ళు పట్టింది. నబీ సాహెబు విషయం వివరించబోయాడు గాని మొదటి మాట దాటలేదు. కొడవలి కుడిపక్క పొట్టకు తగిలింది. ఆ అరుపు ఏ సాధనా లేకుండానే ఆసుపత్రి అంతా వినబడింది.

వాత మీద పెట్టడానికి ఒకరు బూడిద, ఒకరు పేడ పట్టుకుని ముందుకు వచ్చారు. అప్పుడు బీబమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఎసరు కోసం పెట్టుకున్న మంచినీళ్ళ బిందె ఎత్తి కాలినచోట సన్నగా ధారగా పోయసాగింది. విశ్వాసమ్మ ఎవరూ చెప్పకుండానే లోపలికి పరిగెత్తి ఉతికిన గుడ్డలు తెచ్చింది. ఒకరు పోస్తుంటే ఒకరు జనాన్ని వెనక్కి నెట్టారు, పేడ చేతులను దగ్గరికి రానివ్వలేదు. వాత జతగా పెడితేనే గుణమిస్తుందని, ఎడమపక్క ఇంకా బాకీ ఉందని సుంకన్న కొడవలితో ముందుకు వచ్చాడు. బీబమ్మ లేచి అడ్డం నిలబడింది.

"పెట్టాలంటే ముందు నాకు పెట్టు తాతా. ఆమీట మా మామకు పెడుదువు."

సుంకన్న ఆ పిల్ల ముఖం చూసి కొడవలి దించేశాడు. దొరసాని మెట్ల మీదే నిలబడి ఇదంతా చూసింది. కొడవలి చూసింది, పేడ చూసింది, ఇద్దరు పిల్లల చేతులూ చూసింది.

"ఈ గ్రామమునకు ఒక్క నర్సు చాలదు. ఇద్దరు కావలెను" అంది.

ఆ విధంగా బీబమ్మకు సీటు వచ్చింది. నబీ సాహెబుకు అదే కిటికీ పక్క మంచం మళ్ళీ వచ్చింది, ఈసారి ఎవరినీ బతిమాలకుండానే. రొట్టె, పాలు కూడా వచ్చాయి. ఆత్మకూరుకు పిల్లను ఇవ్వడం లేదని కబురు పోయింది. వాత పడ్డాకే మనిషి నోట్లోకి తిండి పోయిందని సుంకన్న ఊరంతా చెప్పుకుని తిరిగాడు. దాన్ని కాదనే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు.

పై వారం చూడవచ్చిన పుల్లయ్యతో నబీ సాహెబు గుంభనంగా నవ్వి, "ఈ మంచం మీదినుంచే సీటు వస్తాదని నేను ముందే అనుకొంటి సూడప్పా" అన్నాడు. ఆ మాట ఆయన వెల్లకిలా పడుకుని చెప్పాడు. బోర్లా పడుకోవడానికి ఇంకా వీలు చిక్కలేదు.