ఏడుగురు నాయకులు, ఒక మత్తయ్య

వికారాబాదు, తాండూరు తాలూకాల ఉమ్మడి పార్టీ కమిటీ 1964 నాటికి అజేయమైన స్థితికి చేరుకున్నదని పాఠక మహాశయులకు సవినయంగా మనవి చేస్తున్నాను. రెండు తాలూకాలూ కలిపి పార్టీలో ఎనిమిది మంది మిగిలారు. వారిలో ఏడుగురు కమిటీలో ఉన్నారు. నాయకత్వానికీ శ్రేణులకూ మధ్య దూరం పెరిగిపోతున్నదని మిగతా జిల్లాల వాళ్లు వాపోతున్న రోజులవి. ఇక్కడ ఆ బాధ లేదు. శ్రేణులంటే మత్తయ్య. ఆయన ఎప్పుడూ పిలిస్తే పలికేంత దూరంలోనే ఉండేవాడు.

మత్తయ్యది మోమిన్‌పేట. తాండూరు బండల గనుల్లో కూలికి వచ్చి, మార్తను పెళ్లాడి, అక్కడే ఉండిపోయాడు. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయేవాడు, సాయంత్రం పార్టీకి. పార్టీలో ఎలా చేరాడన్నది చిన్న కథ. తాండూరు గంజిలో, అంటే ధాన్యం బజారులో, బహిరంగసభ జరుగుతుండగా వాన దంచికొట్టింది. జనం చెదిరిపోయారు. మత్తయ్య ఒక్కడే తడుస్తూ నిలబడ్డాడు. దున్నేవాడికే భూమి అని వేదిక మీది నుంచి వినబడిన మాటను అక్షరాలా నమ్మాడు. వక్తలతో సహా ఆ సభలో ఆ మాట నమ్మినవాడు అతనొక్కడే కాబట్టి సభ్యత్వం అక్కడికక్కడే ఇచ్చేశారు.

పని విభజన శాస్త్రీయంగా ఉండేది. ఏడుగురు తీర్మానిస్తారు, ఒకడు అమలు చేస్తాడు. జెండా మోయడం, గోడలకు కాగితాలు అంటించడం, నినాదం ఇవ్వడం, ఆ నినాదానికి బదులు పలకడం అన్నీ మత్తయ్యవే. ఊరేగింపులో ముందు నాయకులు ఏడుగురూ వరుసగా నడిచేవారు, వెనుక విశాల ప్రజానీకం మత్తయ్య నడిచేవాడు. ఒకసారి చెప్పు తెగి అతను నాలుగడుగులు వెనకబడితే, ప్రజలు మనకు దూరమవుతున్నారని కార్యదర్శి రంగనాథరావు ఆత్మవిమర్శ చేసుకున్నాడు.

రంగనాథరావు వికారాబాదులో పేరున్న వకీలు. నల్లకోటు విప్పకుండానే శ్రామికవర్గ వేదన అనుభవించగల దిట్ట. తాండూరు పక్షానికి పెద్ద గుండప్ప. ఆయనకు కందిపప్పు మిల్లు ఉండేది. కూలీలను పెట్టుకున్న మనిషి కాబట్టి దోపిడీ గురించి ఆయన అనుభవంతో మాట్లాడేవాడు. మిగిలిన ఐదుగురూ ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడగానే అవునంటూ తలాడించేవాళ్లు.

సమావేశం ఎక్కడ జరపాలన్నది మొదటి నుంచీ చిక్కే. జంక్షన్ మాది కాబట్టి మా దగ్గరే జరగాలని వికారాబాదు వాళ్లు. కార్మికులు మా దగ్గర ఉన్నారు కాబట్టి మా దగ్గరే జరగాలని తాండూరు వాళ్లు. ఈ వివాదం మీద అనేక సమావేశాలు జరగవలసి ఉండగా, అవి ఎక్కడ జరగాలో తేలక ఆగిపోయాయి. చివరికి ఒక చారిత్రక రాజీ కుదిరింది. రెండు ఊళ్ల మీదుగా వాడీ దాకా పోయే పాసింజరు బండిలో, మూడో తరగతి పెట్టెలో కమిటీ కూర్చోవాలి. తాండూరు వాళ్లు పొద్దున వికారాబాదు వచ్చి బండి ఎక్కేవారు. బండి కదిలితే సమావేశం మొదలైనట్టు. మత్తయ్య ముందుగా ఎక్కి బల్లలు ఆపిపెట్టేవాడు. అతను కమిటీ సభ్యుడు కాడు గనుక కూర్చోవడానికి నియమావళి ఒప్పుకోదు. తలుపు దగ్గర నిలబడేవాడు. లోపల ఖాళీ జాగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు అటు చూశాడు కూడా. ఎవరూ గమనించలేదు.

ఆ వేసవిలో గనిలో బండ జారి నర్సప్ప కాలు మీద పడింది. నర్సప్ప మార్తకు తోడబుట్టిన తమ్ముడు. గని సేటు గుమాస్తా గుడ్డపేలిక కట్టించి, పని చేయలేనివాడు ఇంటికి పోవచ్చునని సెలవిచ్చాడు. కూలీలు గడ్డపారలు కింద పెట్టి గని ముందే కూర్చున్నారు.

"ఎప్పుడు జూసినా మా పార్టీ, మా కమిటీ అంటవు గదా," అంది మార్త. "ఇగ వట్టుకరాపో మీ పెద్దమనుషులను. గిప్పుడు గాకపోతె ఇంకెప్పుడు అక్కెరకొస్తరు?"

మత్తయ్య పొంగిపోయాడు. ఇన్నేళ్లుగా తాను మోసిన జెండాకు ఇప్పుడు పని పడింది. తెల్లారే వికారాబాదు చేరుకుని, కమిటీతో పాటు బండి ఎక్కి, విషయం విన్నవించాడు. కమిటీ సానుభూతితో విని, దాన్ని మూడో అంశంగా చేర్చుకుంది. మొదటి అంశం అంతర్జాతీయ పరిస్థితి, అది ధారూరు దాకా నడిచింది. జాతీయ పరిస్థితి రుక్మాపూర్ దాటింది. ఆ తరువాత స్థానిక పరిస్థితి కింద నర్సప్ప కాలు చర్చకు వచ్చింది.

"ఏ కాలు?" అని అడిగాడు గుండప్ప.

"ఎడమ కాలు సారూ."

ఏడుగురూ బల్లల మీద నిటారుగా సర్దుకున్నారు. ఢిల్లీలో పార్టీ పెద్దలు కుడి, ఎడమ అంటూ విడిపోతున్న రోజులు. గుండప్ప ముఖం వెలిగింది. "చూశారా కామ్రేడ్స్! శ్రామికవర్గం సహజంగా ఎటువైపు నిలబడుతుందో!"

"నిలబడలేదు కామ్రేడ్, ఆ కాలే విరిగింది," అన్నాడు రంగనాథరావు. "ఎడమవైపు మొగ్గితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఏం కావాలి?"

చర్చ ఉన్నత స్థాయికి చేరింది. ఇద్దరు లేచి నిలబడ్డారు. ఒకరు చొక్కా చేతులు మడిచారు. ఇంతలో బండి తాండూరు స్టేషన్లో ఆగింది. ప్లాట్‌ఫారం మీద డప్పులు మోగుతున్నాయి. గని కూలీలు దండలు పట్టుకుని నిలబడ్డారు.

"సారూ, జర దిగుండ్రి," అని మత్తయ్య బతిమాలాడు. "అందరు మీకోసమే వచ్చిండ్రు. మీరొచ్చి సేటుతోని ఒక్క మాట మాట్లాడితె సాలు."

"తీర్మానం పూర్తి కాకుండా దిగడమా?" రంగనాథరావు నివ్వెరపోయాడు. "అది క్రమశిక్షణా రాహిత్యం మత్తయ్యా. ప్రజల ఒత్తిడికి లొంగిపోవడం."

ఈ ఒక్క విషయంలో గుండప్ప ఆయనతో పూర్తిగా ఏకీభవించాడు. అయితే ప్రజలతో సంబంధాలు తెంచుకోరాదు కాబట్టి కిటికీలోంచి మెడలు చాచి దండలు స్వీకరించారు. పిడికిళ్లు బిగించి ఎత్తారు. బండి కూత వేసి కదిలింది. ఎత్తిన పిడికిళ్లతోనే ఏడుగురూ వాడీ వైపు సాగిపోయారు.

మత్తయ్య దూకేశాడు. మోకాలు గీరుకుపోయింది. లేచి చూస్తే ఎదురుగా కూలీలు, ముందు మార్త.

"ఏరి?"

"వస్తుండ్రు," అన్నాడు మత్తయ్య, తలెత్తకుండా. ప్రార్థనకు పోయే మనిషికి అబద్ధం అంత తేలిగ్గా రాలేదు.

కమిటీ వస్తూనే ఉంది, కాకపోతే సేడం దాకా పోయి. సేడం మైసూరు రాష్ట్రంలోది. ఆ గడ్డ మీద తమకు అధికార పరిధి లేదని రంగనాథరావు చట్టరీత్యా తేల్చాడు. కాబట్టి తిరుగు బండి వచ్చేదాకా నర్సప్ప కాలు గురించి ఎవరూ నోరెత్తలేదు. మిర్చీబజ్జీల విషయంలో పరిధి అడ్డురాదని మాత్రం ఏకగ్రీవంగా అంగీకరించారు.

ఇక్కడ గని దగ్గర మార్తా, ఇతర ఆడవాళ్లూ బండల లారీలు బయటికి పోయే దారికి అడ్డంగా కూర్చున్నారు. స్టేషన్లో గూడ్సు డబ్బాలు సరుకు కోసం ఎదురుచూస్తున్నాయి. సేటు జీపు దిగి వచ్చాడు.

"ఎవడ్రా మీ లీడర్?"

అందరూ మత్తయ్య వైపు చూశారు. తీర్మానం లేకుండా అతను ఎన్నడూ నోరు విప్పలేదు. వెనక్కి తిరిగి రైలు పట్టాల వైపు చూశాడు. ఎవరూ లేరు.

"నేనే కమిటీ," అన్నాడు.

తరువాత మాటలు అవే వచ్చాయి. "నర్సప్పను పట్నం దవాఖానకు తోల్కపోవాలె. నయమయ్యేదాక ఇల్లు గడవాలె. నయమైనంక కూసోని చేసే పని ఇయ్యాలె. గంతే సేటూ."

"సరే సరే, చూద్దాం. ముందు లారీలు కదలనియ్యి."

"చూసుడు కాదు," మార్త కూర్చున్న చోటి నుంచే అంది. "అందరు వినేటట్టు ఒప్పుకో. మా తమ్ముని నీ జీపుల ఎక్కియ్యి. జీపు కదిలినంక లారీలు కదుల్తయి."

సేటు గూడ్సు డబ్బాలను తలుచుకున్నాడు. అందరూ వినేటట్టు ఒప్పుకున్నాడు. పొద్దు వాలక ముందే జీపు వెనక సీట్లో పడుకుని నర్సప్ప పట్నం పోయాడు. ఆడవాళ్లు చీరలకంటిన దుమ్ము దులుపుకుని లేచారు. మత్తయ్య ఒక బండ మీద కూలబడి, ఎందుకో ఏడ్చాడు.

తిరుగు బండిలో వచ్చిన కమిటీ ఈ వార్త విని దిగ్భ్రాంతి చెందింది. నాయకత్వం లేకుండా విజయం సంభవించడం సిద్ధాంతరీత్యా అసాధ్యం. కాబట్టి ఇది కుట్ర అయినా కావాలి, తప్పిదం అయినా కావాలి. తరువాతి సమావేశంలో మత్తయ్యను పెట్టె తలుపు దగ్గర నిలబెట్టి సంజాయిషీ అడిగారు.

"తప్పే సారూ," అన్నాడు మత్తయ్య. "మీరు దిగకపోతిరి. నాకు శరమైంది."

సిగ్గుపడడం మధ్యతరగతి బలహీనత అని తేల్చి, తీవ్రంగా మందలించి వదిలేశారు. వెళ్లగొట్టే ప్రతిపాదన కూడా వచ్చింది గానీ, అతను పోతే ఎవరికి నాయకత్వం వహించాలన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు.

చలికాలం వచ్చేసరికి ఢిల్లీ చీలిక ఈ పాసింజరు బండికీ చేరింది. నలుగురు ఇంజను పక్క పెట్టెలోకి, ముగ్గురు గార్డు పక్క పెట్టెలోకి మారారు. అశేష ప్రజానీకం తమ వెంటే ఉన్నదని రెండు వర్గాలూ ప్రకటించాయి. అశేష ప్రజానీకం ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఏ పెట్టె ఎక్కాలో తెలియక దిక్కులు చూసింది.

అప్పుడు మత్తయ్య ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. గుండప్ప బస్తాడు కందిపప్పు పంపాడు. రంగనాథరావు స్వయంగా వచ్చి, నులకమంచం మీద కూర్చుని, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో చాయ్ తాగాడు. తాగి, ఇది చారిత్రక సందర్భం అన్నాడు. మార్త మాత్రం గ్లాసు కడుక్కొచ్చి, పప్పు బాగా ఉడుకుతున్నదని గుండప్పకు చెప్పమంది.

"నాకు కూసునే జాగ ఇస్తరా?" మత్తయ్య అడిగింది అదొక్కటే.

ఇద్దరూ ఇచ్చారు. ఒకరు ఇచ్చారని తెలిసి మరొకరు కిటికీ పక్కన ఇచ్చారు. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేక మత్తయ్య రెండు కమిటీల్లోనూ చేరాడు. పోయేటప్పుడు ఒక పెట్టె, వచ్చేటప్పుడు ఒక పెట్టె. మొదటి రోజు బల్ల మీద చేతులు రాసుకుంటూ, కిటికీలోంచి అనంతగిరి గుట్టలు చూస్తూ పసివాడిలా మురిసిపోయాడు. కాలక్రమేణా భుజం మీదికి శాలువా వచ్చింది. వస్తుగత పరిస్థితులు అన్న మాట తడబడకుండా పలకడం వచ్చింది.

మరుసటి ఏడు గనిలో భాగమ్మ అనే కూలీ చేతివేళ్లు బండల మధ్య నలిగాయి. కూలీలు పరుగున మత్తయ్య దగ్గరికి వచ్చారు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నిజం, నేను ఒప్పుకుంటాను.

"ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. "వచ్చే మీటింగుల ఎజెండల పెట్టిస్త. రెండు కమిటీలల్ల పెట్టిస్త."

పొయ్యి దగ్గర ఉన్న మార్త తల తిప్పి చూసింది. "ఏమయ్యా, బండెక్కినోళ్లకు దిగుడు రాదా?" అంది. జవాబు కోసం ఆగలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, ఆడవాళ్లను వెంటబెట్టుకుని గని దారి పట్టింది.

భాగమ్మ చేతికి వైద్యం జరిగింది. మార్త ఏ కమిటీలోనూ లేదు కాబట్టి ఆమె పేరు ఏ తీర్మానంలోనూ కనబడదు. ఇది అన్యాయమని మీకనిపించిందని నాకు తెలుసు. నాకూ అలాగే అనిపించింది. అందుకే ఆమెకు అండగా మనమంతా ఒక కమిటీ వేసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. కార్యదర్శిగా నేను ఒప్పుకున్నాను. మిగతా పదవులు మీలో మీరు పంచుకోండి. గని దగ్గరికి మార్త ఎలాగూ పోతుంది.