ఎవరి నీళ్ళో పోతున్నయి

హెర్బర్ట్ గారు ఏ పనికి చెయ్యి పెట్టినా అర్ధంగుళం తేడా వస్తుంది. కిటికీకి తెర కుట్టిస్తే అర్ధంగుళం పొట్టి. తలుపుకు గొళ్ళెం బిగిస్తే అర్ధంగుళం ఎడం. అందుకే నాంపల్లిలో ఆ సందు సందంతా ఆయన్ని హాఫించు హెర్బర్ట్ అంటుంది. గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో పనిచేసి రిటైరయ్యానని ఆయన చెప్పబోతే, "ఆఫీసు గాదు, హాఫీసు" అని సరిదిద్దేది, బిడ్డ పేరుతో ఆయన్ని 'స్టెఫీ డాడీ' అని పిలిచే భార్య జ్ఞానమణి.

అలాంటి మనిషి ఒకనాడు ట్రూప్ బజారుకు పోయి, కమ్మికి ప్లాస్టిక్ బంతి తగిలించిన వాల్వు ఒకటి తెచ్చాడు.

"ఏందది?"

"ఆటోమేటిక్. ట్యాంకు నిండంగనే బంతి పైకి తేల్తది, నీళ్ళు బంద్ అయితయి. ఇంక మన ట్యాంకు పొంగదు."

"పొంగితే నీకేం నొప్పి?"

నొప్పి ఉంది. దాని పేరు జిప్పోరా.

జిప్పోరా జ్ఞానమణికి సొంత చెల్లెలు. హెర్బర్ట్ తమ్ముడు మైకేల్‌కు భార్య. ఒకే ఇంట్లో ఎడమ పోర్షన్ వీళ్ళది, కుడి పోర్షన్ వాళ్ళది. ఒక క్రిస్మస్‌కు అక్కచెల్లెళ్ళు కేకు పిండి కలిపి, అబిడ్స్ వెనక బేకరీ బట్టీలో కాల్పించుకు రమ్మని రెండు డబ్బాలూ హెర్బర్ట్ చేతికిచ్చారు. డబ్బాల మీద పేర్ల చీటీలున్నాయి. బట్టీలో కాలిపోతాయని హెర్బర్ట్ వాటిని జాగ్రత్తగా పీకి జేబులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చిన కేకుల్లో ఒకటి పువ్వులా పొంగింది, ఇంకొకటి బొగ్గయింది. పొంగింది నాదంటే నాదన్నారు. ఏది ఎవరిదని హెర్బర్ట్‌నే అడిగారు. ఆయన జేబులోంచి చీటీలు తీసి చూపించాడు.

ఆనాడు ఇద్దరి మధ్య మాట చచ్చిపోయింది. తర్వాత ఎన్ని ఈస్టర్లు వచ్చినా అది మాత్రం తిరిగి లేవలేదు.

మేడ మీది ట్యాంకు పొంగినప్పుడు తప్ప. పొంగిన నీళ్ళు జిప్పోరా మెట్ల మీద పడేవి.

"ఎవరి నీళ్ళో పోతున్నయి" అని జిప్పోరా గోడకు చెప్పేది.

"పోతే మావే పోతయి" అని జ్ఞానమణి గోడ మీది పిల్లికి చెప్పేది.

"మోకాళ్ళకు నూనె రాసుకుంటె జల్ది లేసి మోటర్ బంద్ జేయొచ్చు."

"రాత్రంత దగ్గేటోళ్ళు దవాఖానకు పోవాలె. మా మోకాళ్ళ ఫికర్ వాళ్ళకెందుకు."

సందు నవ్వేది. హెర్బర్ట్ పరువు నీళ్ళతోపాటే మెట్లు దిగిపోయేది.

వాల్వు బిగించడానికి ఆయనకు ఒక పూట పట్టింది. పైపు ముప్పావంగుళం, తెచ్చింది అర్ధంగుళం. మళ్ళీ బజారుకు పోయాడు. మరలకు వేసే తెల్ల టేపు ఎదురు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. సాయంత్రానికి తలనుంచి నీళ్ళు కారుతూ దిగి, "ఇంక స్విచ్ ఫికర్ లేదు" అన్నాడు.

నిజంగానే ట్యాంకు పొంగలేదు. జ్ఞానమణి రోజూ పొద్దున మెట్ల దగ్గర నిలబడి పైకి చూసేది.

"నిండలేదా?"

"ఎప్పుడో నిండింది. దానంతట అదే ఆగింది."

"ఎవరు ఆగమన్నరు?"

హెర్బర్ట్ మురిసిపోయాడు. నీళ్ళు ఆగాయి గాని మోటారు ఆగదన్న సంగతి ఆయనకు తట్టలేదు. దుకాణంవాడు చెప్పబోతే, నాకు తెలుసు లేవయ్యా అని వచ్చేశాడు. మోటారు తోసే నీళ్ళు మూసుకున్న వాల్వును ఎదురు తన్నీ తన్నీ, ఒక శనివారం పైపు అతుకు ఊడింది. ఆదివారం చర్చికని జిప్పోరా గంజిపెట్టి ఆరేసిన చీరల మీద వాన కురిసింది. మోటారు ఒకసారి పొగ వదిలి చచ్చింది.

జ్ఞానమణి నోట్లో జవాబు సిద్ధం చేసుకుని పరుగెత్తుకొచ్చింది. జిప్పోరా బయటికి వచ్చింది, చీరలు పిండుకుంది, లోపలికి పోయి తలుపేసుకుంది.

"ఏమన్లేదు" అంది జ్ఞానమణి. ఆమె మొహం పాలిపోయింది. "స్టెఫీ డాడీ, అది ఒక్క మాట అన్లేదు."

"మంచిదే గద. నా వాల్వు..."

"నోరు మూసుడు వేరు, లోపల మోటర్ బంద్ జేసుడు వేరు. గా తేడా తెల్వకనే మోటర్ కాలవెట్టినవ్."

సాయంత్రం మైకేల్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, మెదక్ల హాస్టల్ వార్డెన్ పని దొరికింది. రేపు చర్చి అయినంక సామాన్ ఎక్కిస్తున్నం."

"ఇంత సంగతి ఇప్పుడా చెప్పేది?"

"జిప్పోరా చెప్తనన్నది. తనంతట తను మీ గడపెక్కదు గద. మీ నీళ్ళు పోయినప్పుడు తిట్టుకుంట తిట్టుకుంట గిది గూడ అంటనన్నది. రోజు మెట్ల మీద నిలబడి చూసింది. మీ నీళ్ళు పోతలేవు. ఇయ్యాల పోయినయి గాని, చీరలు పిండుకుంటుంటె ఏడుపే వచ్చింది, మాట రాలే."

లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. జ్ఞానమణి బయటికి వచ్చింది.

"ట్యాంకు నింపు" అంది మొగుడితో.

"మోటర్ కాలింది గద, జ్ఞానం."

"చేతులు కాలలే గద."

ఆదివారం చర్చి నుంచి వచ్చి, మెడలో టై అలాగే ఉండగా, హెర్బర్ట్ కింది నీళ్ళ సంపులోంచి బకెట్లతో నీళ్ళు మేడ మీదికి మోశాడు. పొంగకూడదని తాను పడిన పాట్లన్నీ ఇప్పుడు పొంగించడానికి పడ్డాడు. కింద ట్రాలీ ఆటోలో బీరువా ఎక్కింది, మంచం ఎక్కింది. సంపు అడుగుకొచ్చింది. జిప్పోరా ఒక కాలు ట్రాలీ మీద పెట్టిన వేళకు మెట్ల మీద మొదటి ధార పడింది.

ఆమె కాలు దించింది.

"ఎవరి నీళ్ళో పోతున్నయి."

జ్ఞానమణి పిల్లి కోసం వెతికింది. పిల్లి లేదు. "పొయ్యేటోళ్ళకు మా నీళ్ళతోని ఏం పని" అంది మెట్లకు.

"ఇంక మోకాళ్ళకు నూనె ఎవరు రాస్తరో."

"దగ్గు మందు సంచిల పెట్టుకున్నరో లేదో. మాకేం ఫికర్."

ధార సన్నబడింది. జిప్పోరా కొంగు సర్దుకుంది.

"స్టెఫీ డాడీ, ఇంకొక బకెట్ పొయ్యి" అని జ్ఞానమణి పైకి అరిచింది.

హెర్బర్ట్ చూసుకున్నాడు. బకెట్‌లో సగమే ఉంది. ఆ సగమే పోశాడు.

"అక్కా, గా మాడిన కేకు..." అంది జిప్పోరా.

నీళ్ళు ఆగిపోయాయి. ట్రాలీవాడు హారన్ కొట్టాడు. మిగతా సగం మాట హారన్‌లో కలిసిపోయింది. మైకేల్ ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాడు. బండి సందు మలుపు తిరిగింది.

హెర్బర్ట్ ఖాళీ బకెట్‌తో కిందికి దిగి, భార్యకు కాస్త దూరంగా నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాలనే గా వాల్వు పీకేస్త, జ్ఞానం."

"ఉండనీ" అంది జ్ఞానమణి, తడిసిన మెట్ల వైపే చూస్తూ. "ఇంక పొంగితే చెప్పేటోళ్ళెవరు?"