డాబా మీద సింధుశాఖ

శుక్రవారం పొద్దున్నే సత్యలక్ష్మి డాబా మీద పర్షియన్ సింధుశాఖను ముగ్గుగా వేయాలని నిశ్చయించుకుంది. కాఫీ అందించి ఆ మాట చెప్పేసరికి భీమరాజు ముంచుకుంటున్న బ్రెడ్డు ముక్క జారి గ్లాసు అడుక్కి వెళ్ళిపోయింది.

"ముగ్గేసుకో, వద్దనను. చుక్కలు పెట్టుకో, తామరపూలేసుకో. సింధుశాఖెందుకే?"

"మనవాళ్ళకి లోకం సంగతులు తెలియాలి కదండీ!"

సత్యలక్ష్మి అమలాపురం కాలేజీలో రాజనీతిశాస్త్రం చదువుకుంది. పెళ్ళై, విమానమెక్కి, కువైట్‌లో అబ్బాసియాలోని ఈ చిన్న ఫ్లాటులో దిగినప్పటి నుంచి ఆమెకు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. ఫ్రిజ్‌లో ట్రే వంచితే మంచుముక్కలు టకటకా రాలడం ముచ్చట. కిటికీ పక్క నుంచే విమానాలు దిగడం మరీ ముచ్చట. ముచ్చటగా లేనిదొక్కటే, మనవాళ్ళ భయం. అది ఎనభై నాలుగో సంవత్సరం. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్నాయి, సముద్రంలో ఓడలు తగలబడుతున్నాయి. అబ్బాసియాలో వార్తలకంటే పుకార్లే ముందు చేరుతున్నాయి. కిందటి వారం, కడప వైపు మనిషి పోలేరమ్మ, ఊరెళ్ళిపోతానంటూ ఏకంగా పెట్టె సర్దుకుని సత్యలక్ష్మి గుమ్మంలో దిగింది. ఎవరెవరికి యుద్ధమో తెలుసా అని అడిగితే, "ఎవురికైతే ఏందమ్మా, ఓడలు కాల్తాండాయంట గదా" అంది. ఆ క్షణాన్నే సత్యలక్ష్మి ప్రతి శుక్రవారం విదేశీ వ్యవహారాల పాఠం పెట్టాలని, టీతో పాటు చేగోడీలు కూడా ఉండాలని తీర్మానించింది.

భీమరాజు బాధ వేరు. ఆమె ఇంకా చుట్టపుచూపు వీసా మీదే ఉంది. ఇక్కడే ఉండనిచ్చే ఇఖామా ముద్ర పడాలంటే, తమకు పూచీ ఉన్న కఫీల్ అబూ ఫహద్ సంతకం చేయాలి. దజీజ్‌లో భీమరాజు పనిచేసే గిడ్డంగీ ఆయనదే, ఈ బిల్డింగూ ఆయనదే. రేపు చూద్దామన్నాడు. ఆయనకు మనసు మారిందంటే కొత్త పెళ్ళాం ఈ వారంలోనే తిరుగు విమానం ఎక్కాలి.

"రేపటిదాకా నువ్విక్కడున్నట్టు గోడకి కూడా తెలియకూడదు. ముద్ర పడ్డాక పసిఫిక్ మహాసముద్రం వేసుకో."

"ముగ్గుకి ఇఖామా అక్కర్లేదండీ" అని నవ్వి, సత్యలక్ష్మి బియ్యప్పిండి డబ్బా పట్టుకుని మెట్లెక్కేసింది.

కొట్లో అట్లాసు దొరక్క కాదు. అందులో సెన్సారువాళ్ళు అక్కడక్కడ నల్ల సిరా పూసి పెట్టారు. సిరా కింద ఏ దేశముందో పోలేరమ్మకు చెప్పడం కష్టం. ముగ్గైతే ఆ బాధ లేదు. గీతలన్నీ పిండితో గీసి, సముద్రంలో బట్టల నీలిమందు చల్లింది. ఎండుమిరపకాయలు ఓడలయ్యాయి. కాలిన ఓడల కోసం కొన్నిటిని పొయ్యి మీద నల్లగా కాల్చింది కూడా. కువైట్ చోట బెల్లం ముక్క, ఇండియా చోట కొబ్బరిచిప్ప పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని, తన చేతులను తానే మెచ్చుకుంది.

పక్క ఫ్లాటు కుక్కుటేశ్వరరావు తడి బనియను ఆరేసుకుందామని పైకి వచ్చాడు. ఎవరి గుమ్మం ముందు ఎవరి చెప్పులున్నాయో చూడకుండా మెట్లెక్కే మనిషి కాదు. కిందటేడు కువైట్‌లో బాంబులు పేలినప్పటి నుంచి అనుమానించడం తన బాధ్యతగా కూడా పెట్టుకున్నాడు. డాబా నిండా తెల్లటి గీతలు చూసి, బనియను భుజాన వేసుకునే కిందికి దిగి తలుపు తట్టాడు.

"అమ్మాయ్, పైన తెల్లగా అదేంటమ్మా?"

"చూసేశారా బాబాయిగారూ! సాయంత్రందాకా దాచిపెడదామనుకున్నాను."

ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరి దగ్గర?"

"అందరి దగ్గరా. ఎంత పెద్దదొచ్చిందో చూశారా? ఇంకా పైనుంచి చూస్తే భలే కనిపిస్తుంది."

"ఇంకా పైనుంచి ఎవరు చూస్తారూ?"

అప్పుడే విమానమొకటి చక్రాలు కనబడేంత కిందుగా వచ్చింది. సత్యలక్ష్మి అలవాటుగా కిటికీలోంచి దానికి చెయ్యి ఊపింది. కుక్కుటేశ్వరరావు భుజం మీది బనియను కింద పడింది.

"ఆ బెల్లం ముక్క?"

"కువైటండీ. అందరి కన్నూ దాని మీదే కదా."

"మిరపకాయలు?"

"ఓడలు. నల్లవి కాలిపోయినవి. ఎర్రవి ఇంకా కాలాల్సినవి... అంటే కాలే ప్రమాదమున్నవి. సాయంత్రం అన్నీ వివరంగా చెబుతాను, రండి. ఎక్కువమందికి చెప్పకండేం, చోటు చాలదు."

ఆయన బనియను తీసుకోవడం కూడా మర్చిపోయి కిందికి పరుగెత్తాడు. సాక్షిగా తన పేరు ఎక్కడా రాకూడదు కాబట్టి, బిల్డింగు కాపలాదారు హారిస్‌తో వచ్చీరాని అరబ్బీలో, "డాబాకి తాళం వెయ్యి. ఎందుకని అడక్కు. నేను చెప్పానని చెప్పకు" అన్నాడు.

హారిస్ ఈజిప్టు మనిషి. ఎందుకని అడగవద్దంటే వెళ్ళి చూడకుండా ఉండలేడు. చూశాక అతనికి విమానాలేమీ తోచలేదు. గీతలు, కొబ్బరిచిప్ప, నీలం పొడి, కాల్చిన మిరపకాయలు. అతని ఊళ్ళో దీన్ని చేతబడి అంటారు. మొన్న నీళ్ళ మోటారు కాలిపోవడం, నిన్నటి నుంచి తన పన్ను సలపడం, రెండూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కింద బకాలా అనే కిరాణా కొట్లోంచి యజమానికి ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ మాటలు అబూ ఫహద్ భార్య చెవిన పడ్డాయి. చాన్నాళ్ళుగా మోకాలు పట్టేసి బాధపడుతున్న మనిషి. ఆ ఇంట్లోనే పనిచేసే పోలేరమ్మ ముస్తాబై బయల్దేరుతోంది. ఎక్కడికని అడిగితే, ఇక్కడి పనివాళ్ళు యజమానురాలిని పిలిచినట్టే పిలిచి నిజమే చెప్పింది: "మామా, మా సత్యమ్మ డాబా మింద యుద్ధం చూపిస్తాదంట. పోయొస్తా." ఆవిడ అబాయా తగిలించుకుని, మొగుణ్ణీ పోలేరమ్మనీ కారెక్కించింది.

డాబా మీద జనం చేరి చేగోడీలు నములుతుండగా పెద్ద కారు కింద ఆగింది. పిట్టగోడ మీంచి చూసిన క్షణంలో అందరూ అలీన దేశాలైపోయారు.

"నేను బట్టలు తీసుకుందామని వచ్చానండీ" అన్నాడొకడు. తీగ మీద ఒక్క బట్టా లేదు.

"నాకీ అమ్మాయెవరో కూడా తెలియదు" అన్నాడు కుక్కుటేశ్వరరావు, సత్యలక్ష్మి చేతి టీ తాగుతూ.

కారు దిగిన పోలేరమ్మ ఆయాసపడుతూ వచ్చి సత్యలక్ష్మి చెవిలో, "అమ్మా, నేనేం చెప్పలేదు. ఊరికే అంతా చెప్పినా, అంతే" అంది.

భీమరాజు సత్యలక్ష్మి పక్కకి వచ్చి నిలబడ్డాడు. అతనికి వచ్చిన అరబ్బీ అంతా పెట్టెలు, బరువులు, లారీల గురించి. దాంతోనే పెళ్ళాన్ని కాపాడుకోవాలి. సత్యలక్ష్మి మాత్రం కఫీలే సతీసమేతంగా పాఠానికి వచ్చాడని మురిసిపోతోంది. హారిస్ గడప దాటకుండానే నీలిమందు వైపు వేలు చూపించాడు.

మామా అబాయా అంచు పైకెత్తి, గీత తొక్కకుండా చుట్టూ తిరిగింది. "ఇది నా మోకాలి కోసమేనా?"

"మోకాలు కాదు మామా, సముద్రం" అన్నాడు భీమరాజు.

"ఏ సముద్రం?" అన్నాడు అబూ ఫహద్.

ప్రశ్న చూపుల్లోనే అర్థమైంది సత్యలక్ష్మికి. ఖంగుమని, "పర్షియన్ సింధుశాఖ!" అంది.

అబూ ఫహద్ కనుబొమలు పైకి లేచాయి. ఆ నీళ్ళను ఈ ఒడ్డున అరబ్బు సింధుశాఖ అనాలి గానీ ఆ పేరుతో పిలవకూడదని బకాలా కొట్టువాడికి కూడా తెలుసు. అమలాపురం కాలేజీకే తెలియదు.

"పర్షియావాళ్ళు దీనికి తప్పు పేరు పెట్టుకున్నారని చెబుతోంది బాబా" అన్నాడు భీమరాజు, చెమట తుడుచుకుంటూ.

కనుబొమలు కిందికి దిగాయి. ఒక చీమల బారు ఉత్తరం నుంచి బెల్లం ముక్క వైపు వస్తోంది. అదెవరి సైన్యమని అడిగాడాయన. అది పాఠంలో లేదంది సత్యలక్ష్మి.

ఆమె ఎర్ర మిరపకాయ ఒకటి తీసి హోర్ముజ్ సందులోంచి నెమ్మదిగా జరిపింది. ఇటు గీత, అటు గీత, మధ్యన వేలెడు సందు. చమురైనా సరుకైనా అందులోంచే పోవాలి. మామా వంగి చూసింది. మోకాలి సంగతి మరిచి ఇంకా వంగింది.

"వచ్చే ఓడలన్నీ ఈ సందులోంచేనా? అందుకేనా సరుకులు ఆలస్యమవుతున్నాయి?" అని మొగుడి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళుగా రేడియో చెవికి ఆనించుకుని కూర్చుంటావు. అడిగితే నీకర్థం కాదంటావు. ఇదేనా అర్థం కానిది? కుర్చీ తెప్పించు!"

కుర్చీ కుక్కుటేశ్వరరావే పరుగున తెచ్చాడు. "మంచి పాఠం, పెద్దలు కూడా వినాలని నేనే కబురంపాను" అని పక్కవాళ్ళతో అన్నాడు.

పాఠం సాగింది. చివర్లో మామా కళ్ళు చిన్నవి చేసి, ఒక్కో మాటా తూచినట్టు అడిగింది: "ఇంతకీ నువ్వెవరి పక్షం?"

డాబా మీద నములుడు ఆగిపోయింది. సత్యలక్ష్మి నిటారుగా నిలబడి, మన దేశానికి ఇద్దరూ మిత్రులేననీ, ఎవరి కూటమిలోనూ చేరకుండా న్యాయం వైపు నిలబడటమే అలీన విధానమనీ, కాలేజీ వక్తృత్వపు పోటీలో చెప్పినట్టు చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. భీమరాజు దాన్ని అరబ్బీలో రెండే మాటల్లో తేల్చేశాడు. మామా ముఖం విప్పారింది. కారెక్కుతూ, సంతకం రేపు పొద్దున్నే కావాలని మొగుడికి తానే గుర్తుచేసింది. పై శుక్రవారం పాఠం తమ ఇంట్లో, స్నేహితురాళ్ళందరి ముందూ. పిండి మాత్రం తివాచీ మీద పోయకూడదు.

జనం వెళ్ళిపోయాక సత్యలక్ష్మి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమండీ, నేనంతసేపు చెప్పిన అలీన విధానాన్ని అంత పొట్టిగా ఎలా చెప్పారు?"

"మామా ఎటుంటే మేమూ అటే అన్నాను."

సత్యలక్ష్మి ఆలోచనలో పడింది. "అయితే మొన్న ఫోన్లో మీ కఫీల్‌గారు మన పెళ్ళికి అంత పొడుగ్గా ఆశీర్వాదాలు చెప్పారన్నారే, అవి నిజంగా ఆశీర్వాదాలేనా?"

"చీపురెక్కడుందే?" అన్నాడు భీమరాజు.

శనివారం ముద్ర పడింది. అలీన విధానం మీద సత్యలక్ష్మి నమ్మకం చెక్కుచెదరలేదు, ఆమె అనుమానమంతా ఇంట్లోని విదేశాంగ శాఖ మీదే.