వంటిల్లు ఏ వైపు?

మా తాతయ్య రేవులో వలస అధికారి. ఆవిరి ఓడలు నల్లటి పొగ వదులుతూ వచ్చి, మూటాముల్లెలతో జనాన్ని దింపి వెళ్ళే రోజులవి. దిగినవాళ్ళలో ఎవరు ఊళ్ళోకి పోవాలో, ఎవరు మళ్ళీ ఓడెక్కి వెనక్కి పోవాలో తేల్చడం ఆయన ఉద్యోగం. అలా తేల్చడంలో తనంత మొనగాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. మా కుటుంబంలో మగవాళ్ళకు తమ మీద తమకు నమ్మకానికి ఎప్పుడూ కొదవలేదు, నాతో సహా.

ఆయన పేరు మోగిపోవడానికి కారణం ఆయన కనిపెట్టిన పద్ధతి. ఊళ్ళో ఉన్న మగాడెవడో వచ్చి, ఓడ దిగిన ఆవిడ నా భార్యే అంటే నమ్మడం ఎలా? మొగుణ్ణి ఒక గదిలో, పెళ్ళాన్ని పక్క గదిలో కూర్చోబెట్టి, ఇద్దరూ కాపురం చేసిన ఇంటి గురించి ఇద్దర్నీ ఒకే ప్రశ్నలు అడగాలి. జవాబులు కలవకపోతే ఆవిడ ఓడెక్కాల్సిందే. అధికారుల భార్యలకు కూడా మినహాయింపు లేదన్న ముక్కను తాతయ్యే పట్టుబట్టి చేర్పించాడు. ఎవరూ అడగలేదు. ఉత్సాహం ఆపుకోలేక చేర్పించాడంతే.

చెల్లెలి పురుడు పోయడానికి సముద్రం దాటి వెళ్ళిన మా అమ్మమ్మ ఆ రోజు తిరిగొస్తోంది. తాతయ్య పొద్దున్నే గడ్డం గీసుకుని, కొత్త కోటు తొడుక్కుని, మనసులో అంతా సిద్ధం చేసుకున్నాడు. రేవుకు వెళ్ళడం, నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పడం, భార్యను ఇంటికి తీసుకొచ్చి మధ్యాహ్నం ఆవిడ చేతివంట తినడం. మూడు నెలలుగా హోటలు తిండితో ఆయన నాలుక చచ్చిపోయి ఉంది.

ఆ రోజు ఆయన కుర్చీలో ఆయన శిష్యుడు కూర్చున్నాడు. గురువును చూడగానే లేచి నిలబడ్డాడు. "మీకెందుకండీ ప్రశ్నలూ గిశ్నలూ? అమ్మగారిని నేరుగా పంపించేస్తాను, తీసుకెళ్ళండి గురువుగారూ," అన్నాడు.

తాతయ్య వెళ్ళిపోయేవాడే. కానీ సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు గుమ్మంలో కనబడ్డాడు. తాతయ్య ఛాతీ దానంతటదే ఉబ్బింది.

"వీల్లేదు! రూలంటే రూలే. అన్ని ప్రశ్నలూ అడుగు. మొహమాటపడ్డావంటే నేనూరుకోను," అని గదమాయించాడు.

"శభాష్," అంటూ పెద్దాఫీసరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. శిష్యుడు పక్కగదిలోకి వెళ్ళి అమ్మమ్మను అడిగి వచ్చి, తాతయ్య ఎదురుగా సర్దుకున్నాడు.

"మీ ఇంట్లోకి అడుగుపెట్టాక వంటిల్లు ఏ వైపు?"

"ఎడమ."

శిష్యుడు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మగారు కుడి అన్నారండీ."

"అంటే... లోపల్నించి బయటికొచ్చేటప్పుడు ఎడమే కదయ్యా!"

"పడకగది కిటికీ తెరిస్తే ఏం కనబడుతుంది గురువుగారూ?"

"సముద్రం!" అన్నాడు తాతయ్య గర్వంగా. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఇంటివాడు అలా చెప్పాడు. జలుబు చేస్తుందన్న భయంతో ఆయన ఆ కిటికీని ఏనాడూ తెరవలేదు.

"పక్కింటివాళ్ళ గోడ అన్నారండీ అమ్మగారు. పోనీ, గోడ గడియారం ఎక్కడుంది?"

"హాల్లో, తలుపుకెదురుగా."

"అది రిపేరుకెళ్ళి చాలా కాలమైందట. అక్కడ మేకొక్కటే ఉందట."

పెద్దాఫీసరు కుర్చీలో ముందుకు వంగాడు. "ఏమయ్యా, అసలు నువ్వా ఇంట్లో ఉంటున్నావా?"

"ఉంటున్నానండీ! కావాలంటే మా పక్కింటి మాస్టారిని పిలిపించండి," అన్నాడు తాతయ్య. ఆ ముక్క అనకుండా ఉంటే కొంచెమైనా పరువు మిగిలేది.

మాస్టారి ఇల్లు రేవుకు దగ్గరే. కాపలావాడు వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారు పక్కగదిలోకి తొంగిచూసి, "ఆవిడ తెలియకపోవడమేమిటి, మా పక్కింటి అమ్మాయే," అన్నాడు. తర్వాత తాతయ్యను ఎగాదిగా చూశాడు. తాతయ్య తెల్లారకముందే రేవుకు వెళ్ళి, చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి. పైగా అమ్మమ్మ వెళ్ళిన వారానికే తాళంచెవి పారేసుకుని, అప్పట్నుంచీ హాలు కిటికీలోంచి దూరి ఇంట్లోకి వెళ్తున్నాడు.

"వీడే!" అని అరిచాడు మాస్టారు. "ఆ అమ్మాయి ఊళ్ళో లేదని కనిపెట్టి రోజూ కిటికీలోంచి దూరుతున్నాడు! నేను పోలీసులకు కూడా చెప్పాను!"

"అది నా ఇల్లేనండీ!"

"నీ ఇల్లయితే తలుపుండగా కిటికీలోంచి ఎందుకు దూరతావయ్యా?"

మంచి ప్రశ్నే. తాతయ్య కూడా తన కుర్చీలో ఉంటే ఆ ప్రశ్నే వేసేవాడు. "అయ్యా, కంగారులో తడబడ్డానంతే. ఆవిడ నా భార్యే, నమ్మండి," అని బతిమాలుతుంటే ఆయన గొంతు ఆయనకే వింతగా వినిపించింది. అదే గదిలో, అవే మాటలు ఎంతమంది నోట విన్నాడో!

శిష్యుడు తలవంచుకుని, "ఇల్లున్నవాడు తడబడడు, తడబడినవాడికి ఇల్లుండదు అని మీరే నేర్పారు కదండీ," అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం వదులుకునేటంత నీళ్ళు మాత్రం కావు.

పెద్దాఫీసరు తేల్చేశాడు. ఆవిడ సాయంత్రం ఓడలో వెనక్కి, ఈయన పోలీసు ఠాణాకి. అంతవరకూ ఈయన్ని వసారాలో కూర్చోబెట్టమన్నాడు.

వసారా బల్ల మీద అప్పటికే ఒక దర్జీ కూర్చుని ఉన్నాడు. కిందటి వారం ఇలాగే జవాబులు కలవక, అతని భార్యను ఈ సాయంత్రం వెళ్ళే ఓడెక్కించమని తాతయ్యే తీర్పిచ్చాడు. అప్పట్నుంచీ అతను రోజూ వచ్చి, ఆవిణ్ణి ఉంచిన షెడ్డు వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. కొత్త కోటులో ఉన్న తాతయ్యను పోల్చుకోలేక కాస్త జరిగి చోటిచ్చాడు.

"మీరు కూడా వంటిల్లు దగ్గరే తప్పారా?" అని జాలిగా అడిగాడు.

తాతయ్యకు సిగ్గేసింది. రేవులో ఓడ కూత పెట్టేసరికి భయం కూడా వేసింది. ఆవిడ వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికి వస్తుందో, అసలు రానిస్తారో లేదో.

ఆ కూతకు పక్కగది తలుపు తోసుకుని అమ్మమ్మ బయటికొచ్చింది. నేరుగా పెద్దాఫీసరు ముందు నిలబడింది.

"అయ్యా, మీరు ఆయన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. నన్ను అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. ఆయన్ని బయటే ఉంచి మీ ఇష్టమొచ్చింది అడగండి. ఆయనేం చెప్తారో నేను చెప్తాను."

పెద్దాఫీసరుకు ముచ్చటేసింది. "మీ వీధి తలుపు రంగు?"

"ఆకుపచ్చ అంటారు. అది ఆ వీధిలోనే మేం కాపురం పెట్టిన మొదటింటిది. ఇప్పుడున్నది గోధుమ రంగు."

"మీ పెళ్ళి ఏ వారం?"

"బుధవారమంటారు. జరిగింది ఆదివారం. సెలవు పెట్టక్కర్లేదని ఆదివారం ముహూర్తం వెతికించింది ఆయనే."

"మీకిష్టమైన రంగు?"

"నీలమంటారు. నీలం ఆయనకిష్టం."

"పంచదార డబ్బా ఎక్కడుంటుంది?"

"అటక మీద అంటారు. మంచం కింద పెట్టి, అటక మీదుందని చెప్పింది నేనే. లేకపోతే మిగలదు."

తాతయ్యను లోపలికి పిలిచారు. ఆయన చెమటలు తుడుచుకుంటూ, ఈసారి తప్పు పోకూడదని బాగా ఆలోచించి మరీ చెప్పాడు. ఆకుపచ్చ. బుధవారం. నీలం. అటక మీద.

పెద్దాఫీసరు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక మనిషి తప్పులు ఇంత పొల్లుపోకుండా చెప్పాలంటే ఆవిడ భార్య కాక ఇంకెవరవుతుంది? తీసుకెళ్ళవయ్యా! రేపట్నుంచి ఇంకో రూలు. జవాబులన్నీ ఒక్కటి కూడా తేడా లేకుండా కలిసినవాళ్ళ మీదే నిఘా పెట్టండి."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా పక్కకు తప్పుకున్నాడు. శిష్యుడు మళ్ళీ ఏడ్చాడు. తాతయ్య మాత్రం కదల్లేదు.

"అయ్యా, బయట ఒక దర్జీ ఉన్నాడండీ," అన్నాడు మెల్లగా. "అతనికీ వంటిల్లెక్కడో తెలియలేదు. నేను వాళ్ళావిణ్ణి పంపించేస్తున్నాను."

పెద్దాఫీసరు ఆవిణ్ణీ వదిలెయ్యమన్నాడు. ఓడ కదిలేలోపు తాతయ్యే పరుగెత్తుకెళ్ళి షెడ్డు గొళ్ళెం తీశాడు. దర్జీ భార్య మూట పట్టుకుని బయటికొచ్చి, ముందు మొగుణ్ణి నాలుగు తిట్టి, తర్వాత ఏడ్చింది. అమ్మమ్మ కూడా వరస మార్చకుండా అంతే చేసింది.

ఇంటిదారిలో సామాను మోస్తూ తాతయ్య మళ్ళీ ధీమాగా ముందు నడిచాడు. వీధి మలుపు తిరిగి, ఒక ఆకుపచ్చ తలుపు ముందు సామాను దింపి, కాస్త పక్కకు జరిగి భార్య కోసం చూశాడు.

అమ్మమ్మ నాలుగిళ్ళవతల తాళం తీస్తోంది.